వద్దన్నా వెళ్ళే మాటలు

మూత మూసిన కంప్యూటరు కూడా మనుషుల మాటలు వింటుందని ప్రభుత్వం చేత ఒప్పించడం ఆమె మొదటి గెలుపు. అది ఊరికే రాలేదు. బడిపిల్లలకు పంచిన చిన్న కంప్యూటర్ల గురించి ఆ మాట మొదటిసారి అన్నప్పుడు పైఅధికారులు ఇద్దరు నవ్వారు. అందులో ఒకరు సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమన్నారు కూడా. ఆమె సెలవు పెట్టలేదు. ఒక ఖాళీ గదిలో మూత మూసిన కంప్యూటరు పక్కన రేడియో పెట్టింది. కంప్యూటరుకీ బయటి తీగకీ నడుమ, వచ్చేదీ పోయేదీ కనిపెట్టి ఉండే పెట్టె ఒకటి తగిలించింది. రేడియోలో వార్తలు చదువుతుంటే పెట్టె తెర మీద గీత లేచేది, రేడియో కట్టేస్తే పడుకునేది. ఏడాది పైగా ఆ గదిలోనే కాపురం చేసి, చివరకు నవ్విన ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి, వాళ్ళ నవ్వుకి కూడా గీత లేవడం చూపించింది. వాటిని తయారుచేసిన కంపెనీ ఆ యంత్రాలన్నీ వెనక్కి తీసుకుని సరిచేసి ఇచ్చింది. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంట్లో, ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడ అంటారు. ఏ మాట చెప్పినా వడపోసి గానీ వదలదని చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన పేరు అది. ప్రజల సొంత సంగతులు పరులపాలు కాకుండా చూసే ప్రభుత్వ విభాగంలో ఆమె తనిఖీ అధికారి. కంప్యూటరు కొనేవాళ్ళు పైన మెరుపు చూసి కొంటారు గానీ, లోపల కూర్చుని ఇంటి పెత్తనమంతా చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. ఏది ఎవరు చూడాలో, ఏది ఎక్కడికి పోవాలో తేల్చేది అదే. ఆ పెద్దమనిషి చెప్పేదొకటి, చేసేదొకటి కాకుండా చూడడం జల్లెడ ఉద్యోగం.

బడి కంప్యూటర్ల తర్వాత ఆమె ఆగలేదు. ఆసుపత్రి వసారాల్లో పేరు నొక్కే తెరలు రోగుల వివరాలను సాయంత్రానికి కూడా చెరపడం లేదని పట్టుకుంది. ఉద్యోగంలో చేరే కొత్తవాళ్ళకు ఈనాటికీ చదివిస్తున్న తనిఖీ పాఠాలు ఆమె రాసినవే. ఒకసారి పరీక్షకు తెచ్చిన కంప్యూటరు మాయమై, కొన్నాళ్ళకు క్యాంటీనులో టీ లెక్కలు చేస్తూ దొరికింది. అప్పటినుంచి నంబరు బిళ్ళ లేనిదే ఏ యంత్రమూ స్టోరు గడప దాటకూడదని నియమం పెట్టించింది కూడా ఆమే. పెద్ద కాలేజీల్లో చదివినవాళ్ళు ఎందరో ఉన్న ఆఫీసులో, మామూలు బడిలో చదివిన పిల్ల ఇన్ని పనులు చేసిందంటే చెప్పుకోవలసిన మాటే.

ఈసారి చేతికొచ్చిన కేసు వాటన్నిటికంటే పెద్దది. ఊరూరా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి కొత్త రూపంలో వచ్చింది. 'నిన్న మీరేం చేశారో మరిచిపోతే నేను గుర్తుచేస్తాను' అంటూ అది తెర మీద కనిపించేవాటిని మధ్యమధ్య బొమ్మ తీసి దాచుకుంటుంది. ఆ బొమ్మలు కంపెనీకి కూడా పంపమంటారా అని మొదట్లోనే అడుగుతుంది. 'అవును', 'వద్దు' అని రెండు మీటలు ఉంటాయి. మనోవ్యాధులకు వైద్యం చేసే ఒక డాక్టరమ్మ 'వద్దు' నొక్కింది. కొన్నాళ్ళకు ఏదో ఇబ్బంది వచ్చి కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, అవతలివాడు ఆమె తెర మీదున్న రోగి పేరు తానే చదివి వినిపించాడు. డాక్టరమ్మ ఆ క్షణంలోనే యంత్రం తీగ పీకేసి, ఫిర్యాదు పట్టుకుని ఈ ఆఫీసుకు వచ్చింది.

జల్లెడ మూడు కొత్త యంత్రాలు తెప్పించింది. ముగ్గురు ఉద్యోగుల ఎదుట 'వద్దు' నొక్కింది. భూమ్మీద ఎక్కడా లేని జబ్బొకటి కల్పించి, దానికో పేరు పెట్టి, లేని రోగికి అంటగట్టి తెర మీద రాసింది. ఆ లేని జబ్బు పేరు, యంత్రం తాళం వేసి తీగ మీద బయటికి పంపే సమాచారపు మూటలో దొరికింది. మూట కంపెనీకి పోతోంది. చట్టప్రకారం కంపెనీ ఇచ్చిన తాళంచెవితోనే ఆ మూట విప్పింది కనుక తప్పించుకునే దారి లేదు. 'ఈ వ్యవస్థ వద్దన్నా పంపుతోంది, ఇందులో సందేహం లేదు' అని నివేదిక రాసి సంతకం పెట్టింది. సోమవారం విచారణ. విచారణ సంఘం ఒప్పుకుంటే ఆ బొమ్మలు తీసే ఏర్పాటును కంపెనీ దేశమంతటా ఆపెయ్యాలి. ఒప్పుకోకపోతే 'వద్దు' అనే మీటకు ఇక విలువ లేనట్టే.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె యంత్రాలను విచారణకు సిద్ధం చేయించడానికి కింది అంతస్తులో ఉన్న స్టోరుకు వెళ్ళింది. స్టోర్ కీపరును అందరూ బిళ్ళల బాబాయి అంటారు. కుర్చీకి, ఫ్యానుకి, చెత్తబుట్టకి, ఆఖరికి గోడ గడియారానికి కూడా నంబరు బిళ్ళ అంటించనిదే ఆయనకు ముద్ద దిగదు.

"ఈ మూడిటికీ ముద్రలు వేసివ్వు బాబాయ్."

"దానికేం భాగ్యం. కదలకుండా నిలబడితే నీకూ ఒకటి వేస్తా."

"ముందు డైరెక్టరుగారికి వెయ్యి. ఎప్పుడు చూసినా సీట్లో దొరకరు."

బాబాయి నవ్వుతూ యంత్రాల వెనక బిళ్ళలను గుడ్డతో తుడిచాడు. "చూడు, మూడు నంబర్లూ అన్నదమ్ముల్లా వరసన వచ్చాయి. వీటిని పుట్టించేసరికి నా తలప్రాణం తోకకొచ్చిందనుకో. ఆ రోజు తీగ సరిగ్గా అందక మళ్ళీ మళ్ళీ తగిలించాల్సొచ్చింది."

"ఏ తీగ?"

"మన ఆఫీసు తీగే తల్లీ. యంత్రం వచ్చి ఆఫీసు తీగ మీద కూర్చుంటేనే నంబరు పుడుతుంది. ఊరికే పుట్టడానికి అదేమన్నా పుట్టగొడుగా?"

జల్లెడ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. "నా దగ్గరికి పంపకముందే తగిలించావా?"

"మరి? నంబరు రాగానే పీకేసి, మళ్ళీ పెట్టెలో సర్ది, టేపు వేసి పంపాను. ఫ్యాక్టరీవాడు కూడా అంత శుభ్రంగా వెయ్యలేడు. నువ్వు పెట్టిన రూలేగా, నేను తప్పితే నువ్వే అరుస్తావ్."

బిళ్ళ ఉండాలని ఆమె నియమం పెట్టించిన మాట నిజమే. నంబరు ఎలా పుట్టించాలన్నది స్టోరువాళ్ళు తమ వీలునుబట్టి చేసుకున్న ఏర్పాటు. ఆమె ఎన్నడూ అడగలేదు. ఆఫీసు తీగకు తగిలిన ప్రతి యంత్రంలోకీ మరమ్మతు విభాగంవారి ఆజ్ఞ ఒకటి దానంతటదే దిగుతుంది. ఏదైనా చెడిపోతే తేలిగ్గా బాగుచేయడానికి, తెర బొమ్మలతో సహా వివరాలన్నీ కంపెనీకి పంపమని ఆ ఆజ్ఞ. యజమాని ఆజ్ఞ ముందు వాడేవాడి 'వద్దు' చెల్లదు. మీట మాత్రం వద్దు మీదే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆమె అక్కడే ఒక యంత్రాన్ని వెలిగించింది. అమరికల పేజీలో, 'వద్దు' అనే మీటకు కాస్త కింద, బూడిదరంగు సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'కొన్ని అమరికలు మీ సంస్థ అధీనంలో ఉన్నాయి.' అది కొత్తగా వచ్చింది కాదు. పరీక్ష చేసిన రోజునా అక్కడే ఉంది. ముగ్గురు ఉద్యోగులూ చూశారు, ఆమె కూడా చూసింది. ఆ ఆఫీసులో ప్రతి బల్ల మీది యంత్రంలోనూ ఏళ్ళ తరబడి ఆ వాక్యం ఉంటుంది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. ఏ ఇంట్లోనో కూర్చుని పరీక్షించినవాళ్ళయితే, ఈ సంస్థ ఎవరు, ఎక్కడినుంచి ఊడిపడింది అని వెంటనే అడిగేవాళ్ళు.

"ఏమైందమ్మా, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు బాబాయి. "బిళ్ళ వంకరగా ఉందా?"

"లేదు బాబాయ్. బిళ్ళ తిన్నగానే ఉంది."

ఇంటికి వెళ్ళే బస్సులో ఆమెకు ఒకటే ఆలోచన. కంపెనీ తప్పు చేసిందా, తమ ఆఫీసే చేసిందా? కంచే చేను మేసిందా, లేక పక్కవాడి గొడ్డు కూడా దూరిందా? మూటలో దొరికిన మాట ఎవరి ఆజ్ఞతో వెళ్ళిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మరి ఆ డాక్టరమ్మ ఒంటరిగా నడుపుకునే క్లినిక్కులో సంస్థ లేదు, ఆజ్ఞ లేదు. అయినా పేరు బయటికి వెళ్ళింది. నిప్పు లేనిదే పొగ రాదు. కానీ విచారణలో పొగను చూపించి నిప్పు ఉందనుకోమంటే కుదరదు.

ఆమె భర్తకు కళ్ళద్దాల దుకాణం ఉంది. శనివారం పొద్దున దుకాణం తెరవకముందే అంతా చెప్పింది. ఆయన చేతిలో ఉన్న అద్దాన్ని వెలుగుకు పెట్టి చూస్తూ చాలాసేపు విన్నాడు.

"నా దగ్గరికొచ్చేవాళ్ళకి దగ్గరివి ఆనవు. నువ్వు కూడా వాళ్ళలో చేరావన్నమాట."

"ఎగతాళికి ఇదా సమయం?"

"ఏడుపుకి మాత్రం ఇదా? షాపులోంచి కొత్తది ఒకటి కొనుక్కొద్దాం పద. దానికి బిళ్ళా ఉండదు, బాబాయీ ఉండడు."

కొన్నారు. భోజనాల బల్ల మీద పెట్టి, మధ్యలో కనిపెట్టే పెట్టె తగిలించి, 'వద్దు' నొక్కింది. లేని జబ్బు పేరు మళ్ళీ రాసింది. అత్తగారు కుర్చీ దగ్గరకు జరుపుకుని తెర వంక చూస్తూ కూర్చుంది. ఆవిడ నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. కంప్యూటరు జోలికి పోలేదు గానీ కుట్టు ఎక్కడ విడిచిందో దూరంనుంచే చెప్పగలదు.

"వద్దంటే వద్దనే కదమ్మాయ్. మళ్ళీ దాన్ని కాపలా కాయడమేంటి?"

"వద్దన్నాక ఊరుకుందో లేదో చూడాలి కదా అత్తయ్యా."

"మీ మావగారు కూడా అంతే. సరే అనేవారు, చేసేది చేసేవారు."

పెట్టె తెర మీద గీత లేచింది. ఏదో బయటికి వెళ్ళింది. ఆఫీసులో చూసిన దానికంటే మూట చాలా చిన్నది. అందులో తెర బొమ్మ ఉందో, యంత్రం బాగానే ఉందన్న కబురు మాత్రమే ఉందో తెలియదు. విప్పే తాళంచెవి ఆఫీసులో ఉంది, దాన్ని ఇంటికి తేవడం నేరం. ఆమె ఆ గీత వంక చూస్తూ కూర్చుంది. అసలేమీ వెళ్ళకపోతే తన తప్పు తేలిపోయేది. పెద్ద మూట వెళ్తే కంపెనీ తప్పు తేలేది. ఇది ఎటూ కాకుండా మధ్యలో నిలిపేసింది.

ఆదివారం ఆమె డైరెక్టరుగారి ఇంటికి వెళ్ళింది. ఆయన కుండీలకు నీళ్ళు పోస్తున్నారు. విన్నాక గొట్టం కట్టడం మరిచిపోయారు. నీళ్ళు మెట్ల మీదికి పారాయి.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకు, మా ఇంట్లోవాళ్ళకి. బిళ్ళల బాబాయికి తెలుసు గానీ తెలుసని ఆయనకి తెలియదు సార్."

"కంపెనీ పంపిన జవాబు నేను రెండుసార్లు చదివాను. అందులో ఈ మాట ఎక్కడా లేదు. వాళ్ళకి తట్టలేదు."

"వాళ్ళకి తట్టకపోతే మనం చెప్పకూడదంటారా?"

"చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? వాళ్ళ లాయరు మనల్ని ఉతికి ఆరేస్తాడు. ఈ కేసు పోతే ఇంకో ఐదేళ్ళు ఎవరూ ఆ కంపెనీ వంక వేలెత్తి చూపరు. ఆ డాక్టరమ్మ లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో. వాళ్ళందరి నోరూ నువ్వే కట్టేసినట్టవుతుంది."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. అయినా అంది: "ఉతకనివ్వండి సార్. మరక మనదే కదా."

డైరెక్టరుగారు గొట్టం కట్టారు. "నేను ఆపను. కానీ ఆ మాట నా చేత చెప్పించకు. నాకు పదవీ విరమణ దగ్గర పడింది."

సోమవారం విచారణ గది నిండిపోయింది. ముగ్గురు సభ్యుల సంఘానికి అధ్యక్షురాలు ఒక రిటైర్డు న్యాయమూర్తి. జల్లెడ లేచి, నివేదిక మొదలుపెట్టకముందే ఆ బూడిదరంగు వాక్యం చదివి వినిపించింది. యంత్రాలు ఎలా తగిలాయో, ఆజ్ఞ ఎలా దిగిందో చెప్పింది. పక్కన డైరెక్టరుగారు తన చేతిగోళ్ళ వంక చూసుకుంటున్నారు.

కంపెనీ లాయరుకు మొదట నమ్మకం కలగలేదు. తర్వాత నెమ్మదిగా లేచాడు.

"అంటే, మావాళ్ళు ఇళ్ళలోకి తొంగిచూస్తున్నారని కేసు పెట్టి, తలుపు తీసింది మీ ఆఫీసేనంటున్నారు."

"ఈ మూడు యంత్రాల్లో మా ఆఫీసు ఆజ్ఞ ఉంది."

"మా వ్యవస్థ తప్పు లేదన్నట్టే కదా?"

"ఆ మాట అనలేదండీ. ఆజ్ఞ లేకపోయినా మీ వ్యవస్థ పంపుతుందో లేదో నాకింకా తెలియదు."

"'ఇందులో సందేహం లేదు' అని రాశారు."

"రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"మిగతా మాటలు?"

"మిగతావి పరీక్ష చేసి చెప్తాను."

లాయరు సంఘం వైపు తిరిగాడు. "సూదికి చిల్లుందని జల్లెడ వెక్కిరించిందట. ఈ ఆఫీసు సంగతి అలా ఉంది." సాక్ష్యానికి పిలిపించిన బిళ్ళల బాబాయి వెనక వరసలో కిసుక్కున నవ్వి, మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లాయరుకు తానేమన్నాడో అర్థం కాలేదు. జల్లెడ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అధ్యక్షురాలు ఒకటే అడిగారు. "ఆ డాక్టరు యంత్రానికి ఏ ఆఫీసూ లేదు కదా. అక్కడ పేరు ఎలా బయటికొచ్చింది?"

"ఆవిడ ఏ మీట నొక్కిందో ఎవరు చూశారండీ?" అన్నాడు లాయరు.

"మీ దగ్గర జవాబు లేదన్నమాట. ఆవిడ దగ్గరా రుజువు లేదు."

సంఘం నివేదికను కొట్టేయలేదు, ఒప్పుకోలేదు. పరీక్ష మళ్ళీ జరగాలని ఆదేశించింది. సంఘం మనుషులే మామూలు దుకాణాల్లో పెట్టె విప్పని యంత్రాలు కొంటారు. ఇటు ఆఫీసుకూ అటు కంపెనీకీ చెందని పరీక్షాశాలలో, ఇద్దరి మనుషుల ఎదుట అన్నీ జరుగుతాయి. జల్లెడను రానివ్వవద్దని లాయరు పట్టుబట్టాడు. పరీక్ష ఎక్కడ తప్పుతుందో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు కనుక ఆమె ఉండాలని అధ్యక్షురాలు అన్నారు. అది మెచ్చుకోలు కాదు. ఆ సాయంత్రమే ఆఫీసు ఆమెకు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చింది. రావలసిన పదోన్నతి ఆగింది. ఫలితం కంపెనీకి అనుకూలంగా వస్తే శాఖాపరమైన చర్య తప్పదు.

బయట వసారాలో డాక్టరమ్మ ఎదురైంది. కోపంగా లేదు. అలసిపోయినట్టుంది.

"నా దగ్గరికొచ్చేవాళ్ళు కొందరు మానేశారమ్మా. వచ్చేవాళ్ళు కూడా నేను టైపు చేస్తుంటే మాట ఆపేస్తున్నారు. వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

"ఇంకా తేలలేదని చెప్పండి. తేలేదాకా కాగితం మీద రాసుకోండి."

"తేలుతుందా?"

"తేల్చడానికే వెళ్తున్నాను."

ప్రయాణం నాటి ఉదయం అత్తగారు ఆమె రవికకు ఊడిన కుట్టు వేసి ఇచ్చింది. భర్త కొత్త కళ్ళద్దాల జత ఒకటి సంచీలో పెట్టాడు. సన్న అక్షరాలు పెద్దగా కనిపించే రకమట. ఆమె చిన్నగా నవ్వి, వెంటనే మానేసింది.

"అక్కడ తేలకపోతే?" అంది గడప దగ్గర.

"తేలలేదని రాయి. ఆ సంతకం కూడా నువ్వు పెట్టేదే," అన్నాడాయన.

పరీక్షాశాలలో ఫోన్లు ద్వారం దగ్గరే తీసుకుంటారు. వారానికోసారి ఇంటికి మాట్లాడనిస్తారు, పక్కన సంఘం తాలూకు ఒక అధికారి కూర్చుని వింటాడు. పరుల మాటలు ఎవరూ వినకూడదని ఇన్నేళ్ళు పోరాడిన మనిషి, తన అత్తగారితో మాట్లాడే మాటలు ఒకడు వింటుండగా మాట్లాడుతోంది. పరీక్ష గురించి ఒక్క ముక్క చెప్పకూడదు. అందుకని అత్తగారు గొంతునుబట్టి ఫలితం కనుక్కోవాలని చూస్తుంది.

"నిద్ర పడుతోందా అమ్మాయ్?"

"పడుతోంది అత్తయ్యా."

"తింటున్నావా?"

"తింటున్నాను."

"అన్నీ సరిగ్గా ఉన్నాయా?"

"చూస్తున్నాం అత్తయ్యా," అంది. ఆ మాటలో సంతోషం ఉందో దిగులు ఉందో, కుట్లు దూరంనుంచే పోల్చే ఆవిడకు కూడా అంతు చిక్కలేదు. ఫోన్ పెట్టేశాక తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ 'చూస్తున్నాం' అన్న మాటనే ఆ రోజంతా అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

దుకాణాల్లో కొన్న యంత్రాలన్నీ వెలిగించి, మూటలన్నీ విప్పి, ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాక గానీ ఆ ద్వారం తెరవరు. సంఘం ఇచ్చిన గడువు ప్రకారం ఆమె తిరిగి వచ్చేది మార్చి పందొమ్మిది, గురువారం.